ఫ్యూజు పీకిన ఇంట్లో 11 రోజులు

మే నెల రెండో శుక్రవారం పొద్దున పదిన్నరకి మిషను ఆగింది. జాకెట్టుకి చెయ్యి అతుకుతా ఉన్నాను, సూది గుడ్డలోనే నిలబడిపోయింది. ఎండాకాలం నెల్లూరులో కరెంటు పోవడం వింతేం కాదు. కిటికీ దగ్గరికి జరిగి హుక్కులు కుట్టుకుంటా కూర్చున్నా. గంట గడిచాక కింద ఓనరు వాళ్ళింట్లో మిక్సీ చప్పుడు వినబడింది. పచ్చడి రుబ్బుతున్నట్టుంది, ఆగి ఆగి తిరుగుతోంది.

ఊరికి లేని కరెంటు వాళ్ళ మిక్సీకి ఎట్టా వచ్చింది?

మాది వేదాయపాళెం వైపు ఒక ఇంట్లో మేడమీది పోర్షను. కింద ఓనరు వాళ్ళుంటారు, పైన మేము, పక్కన ఇంకో కుటుంబం. ఓనరు రిటైరైన ఉద్యోగి, అందుకని సార్ అంటాం. వాళ్ళావిణ్ణి నేను పిన్నమ్మా అని పిలుస్తా. మా ఆయన లారీ తోలతాడు, వారంలో నాలుగు రోజులు కృష్ణపట్నం పోర్టు దగ్గరో రోడ్డు మీదో ఉంటాడు. నేను ఇంట్లోనే జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుడతా. పాప తొమ్మిది పాసయ్యి పదిలోకి వస్తా ఉంది. నాలుగేళ్ళుగా అదే ఇంట్లో ఉన్నాం, నెలకి 7,000 అద్దె, 20,000 అడ్వాన్సు. పక్క పోర్షను మార్చిలో ఖాళీ అయితే 10,000కి ఇచ్చాడు. అప్పట్నుంచి ఆయన కంటికి మా 7,000 నష్టంగా కనబడింది. మే 5న అద్దె వేసినప్పుడే చెప్పాడు, "వచ్చే నెల నుంచి పదివేలమ్మా, కుదరదంటే ఇల్లు చూసుకోండి" అని. పాప పదో తరగతి, మార్చిలో పరీక్షలు అయిపోగానే పోతాం, అద్దె ఓ ఐదొందలు పెంచుకోండి అన్నా. ఆయన ఏం మాట్లాడలేదు. సరేనన్నాడనుకున్నా.

కిందికి దిగి చూస్తే మెట్ల కింద మీటర్ల బోర్డుకి గ్రిల్లు వేసి తాళం కొట్టి ఉంది. ఎప్పుడూ వేసే తాళం కాదది, కొత్తది. లోపల మా సబ్ మీటరు కింద ఫ్యూజు పెట్టే చోటు ఖాళీగా, పన్ను పీకిన చిగురులాగా ఉంది.

"వైరింగులో ఏదో కాలిందమ్మా, మనిషిని పిలిపిస్తా" అన్నాడు సారు, పేపరు మీంచి తల ఎత్తకుండా. సాయంత్రం అడిగితే, "బిల్లు బాకీ ఉందని డిపార్ట్‌మెంటోళ్ళు పీకేశారు" అన్నాడు. పొద్దునకీ సాయంత్రానికీ కారణం మారిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి కుళాయిలో నీళ్ళు కూడా సన్నగిల్లి ఆగిపోయాయి. పైన ట్యాంకు నుంచి మా పోర్షనుకి వచ్చే పైపుకి ఉన్న వాల్వు బిగించేశారు. పక్క పోర్షనుకి మాత్రం నీళ్ళొస్తున్నాయి.

ఇంక దాచేదేముంది. "అద్దె సంగతి తేల్చుకోండి, నీళ్ళూ కరెంటూ అవే వస్తాయి" అనేశాడు ఆదివారం.

ఇలాంటిది జరిగితే అడగడానికి సరైన చోటు ఏదో మనకి ముందుగా తెలీదు. నేను నాలుగు తలుపులు తట్టాను, మూడు వేరే వాళ్ళవి. ఆ మూడు చోట్లా తిరిగింది పూర్తిగా దండగేం కాలేదు, దేనికి పనికొచ్చిందో చెప్తా.

మొదటిది 1912. కరెంటు ఫిర్యాదుల నంబరు. శనివారం పొద్దునే చేశా, ఫిర్యాదు నంబరుతో మెసేజీ వచ్చింది, సాయంత్రానికి లైన్‌మన్ వచ్చాడు. మంచి పిల్లోడు. గ్రిల్లులోంచి టార్చి వేసి చూసి, "మెయిన్ మీటరు దాకా సప్లై ఉందక్కా. ఆ తర్వాత లోపలిది మీ ఓనరు సొంతం, మేం ముట్టుకోం" అన్నాడు. మరి బాకీ ఉందన్నాడే అంటే నవ్వి, మెయిన్ మీటరు మీద ఉన్న సర్వీసు నంబరు నాకు చదివి వినిపించాడు. "ఫోన్లో కొట్టి చూసుకోండి, ఎవరైనా చూడొచ్చు." చూశా. బిల్లు కట్టేసి ఉంది, బాకీ సున్నా. దాన్ని స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నా. కరెంటోళ్ళు బాకీకి సప్లై తీసేయాలన్నా ముందు 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని, అది 2003 విద్యుత్ చట్టంలోనే ఉందని తర్వాత తెలిసింది. పోతా పోతా ఆ పిల్లోడే ఇంకో మాట చెప్పాడు: "తాళం పగలగొట్టబాకండి. పక్కింట్లోంచి వైరు లాగబాకండి. రెండిట్లో ఏది చేసినా మీరే ఇరుక్కుంటారు." పక్కింటి వాళ్ళు అప్పటికే వైరు ఇస్తామన్నారు, మా ఆయన ఫోన్లో పట్టకారుతో ఆ తాళం సంగతి తేలుస్తానన్నాడు. రెండూ ఆపా.

రెండోది పోలీస్ స్టేషను. ఆదివారం సాయంత్రం పోతే కూర్చోబెట్టారు, విన్నారు. "సివిల్ మేటరమ్మా" అన్నారు. ఒకతను ఓనరుకి ఫోను చేస్తే రిపేరు జరుగుతోందని చెప్పాడంట. అంతే. నేనిచ్చిన కాగితం తీసుకున్నారు, తీసుకున్నట్టు ముద్ర వేసి ఇమ్మంటే రేపు రమ్మన్నారు. ఆ రేపు మళ్ళీ రాలేదు.

మూడోది కరెంటాఫీసు, సోమవారం పొద్దున. మా పోర్షనుకి వేరే మీటరు ఇవ్వండి, డబ్బులు నేనే కడతా అన్నా. ఓనరు సంతకం తెమ్మన్నారు. సంతకం పెట్టే ఓనరైతే నేనెందుకు వస్తాను ఇక్కడికి? ఇదొక్కటి ముందే తెలిసుంటే ఆ బల్ల దగ్గర ఇంకొంచెం గట్టిగా నిలబడేదాన్ని. విద్యుత్ చట్టం 43వ సెక్షనులో సప్లై అడిగే హక్కు యజమానికే కాదు, ఆ చోట ఉంటున్నవాళ్ళకీ ఉంది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కరెంటు కనీస అవసరం, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదని అద్దెకున్నవాళ్ళకి కాదనకూడదు, దరఖాస్తు పెట్టినవాళ్ళు నిజంగా అక్కడ ఉంటున్నారా లేదా అన్నదొక్కటే చూడాలి అని. నాకప్పుడు తెలీదు. తలూపి వచ్చేశా.

ఇంతలో ఇంట్లో పరిస్థితి చెప్పాలి. రేత్తిరి పాపా నేనూ మేడమీద చాప వేసుకుని పడుకునేవాళ్ళం. నెల్లూరు మే నెల తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రి పదకొండుకి కూడా మేడమీద సిమెంటు కాలతా ఉంటుంది. రెండు బక్కెట్ల నీళ్ళు చల్లితే ఆరుతుంది గానీ ఆ రెండు బక్కెట్లు ఎక్కడివి? వీధి కుళాయికి పొద్దున నీళ్ళొచ్చే టైముకి బిందెలు వరసలో పెట్టి, మేడ మెట్లు ఎక్కించేది. పాప ఏడు బిందెలని, నేను ఎనిమిదని రోజూ వాదించుకునేవాళ్ళం. నడుములు పోయాయి గానీ ఆ వాదులాట మాత్రం బాగుండేది.

నాకు అసలు గుండెల్లో రాయి పడింది మాత్రం కుట్టుపని దగ్గర. పెళ్ళిళ్ళ సీజను. కుట్టాల్సిన జాకెట్లు 23 ఉన్నాయి. నా మిషనుకి మోటారు ఉంది, కరెంటు లేకపోతే అది ఇనప ముద్ద. మూలాపేటలో మా అమ్మ దగ్గర పాత ఉషా తొక్కుడు మిషను ఉంది, పదేళ్ళుగా దానిమీద టీవీ పెట్టుకుంది. టీవీ దించి, ఆటోలో వేసుకొచ్చి, కొత్త బెల్టు వేయించి, నూనె పోశా. కాళ్ళు మర్చిపోయిన పని. మొదటి రోజు చక్రం వెనక్కి తిరిగి దారం తెంపేది. మూడో రోజుకి కాళ్ళకి గుర్తొచ్చింది. కానీ నల్ల జాకెట్టు, ముదురు నీలం జాకెట్టు సాయంత్రం ఆరు దాటితే కుట్టలేం, దారం కనపడదు. ఇస్త్రీకి వీధి చివర బొగ్గుల పెట్టె అతని దగ్గరికి పంపించా, జాకెట్టుకి పది రూపాయలు. ఆ 23లో ఒకటి మా పిన్నమ్మదే, కింద ఓనరావిడది. మేనకోడలి పెళ్ళికి పట్టుచీర మీదకి. కత్తిరించి పెట్టా, కుట్టడం మిగిలింది. దాన్ని తీసి బీరువాలో అడుగున పెట్టేశా. ఇది పంతమే, ఒప్పుకుంటా.

నాలుగో తలుపు ఆ జాకెట్ల వల్లే దొరికింది. నా దగ్గర కుట్టించుకునే ఒకావిడ కోర్టులో టైపిస్టు. సోమవారం సాయంత్రం తనది తీసుకోడానికి వచ్చి, ఇంకా కాలేదంటే ఎందుకని అడిగి, మొత్తం విని, "ఎవర్ని అడుగుతున్నావు నువ్వు? లీగల్ సర్వీసెస్‌కి పో" అంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987లో చేసిన చట్టం కింద నడుస్తుంది. ఉచితంగా లాయర్ని ఇస్తారు, కోర్టు ఫీజు ఉండదు. బాగా బీదవాళ్ళకే కదా అదంతా అన్నా. "ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేదు, ఎంత సంపాదించినా ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకీ, పిల్లలకీ, వికలాంగులకీ, కార్మికులకీ కూడా అంతే. మగాడు మామూలోడైతేనే ఆదాయం అడుగుతారు. మీ ఆయన పేరు రాయబాకు, నీ పేరు రాయి" అంది. అద్దె ఒప్పందం మా ఆయన పేరుతో ఉంది గదా అంటే, ఉంటున్నది నువ్వూ గదా అంది. పోవడం కుదరకపోతే 15100కి ఫోను చేసినా దారి చెప్తారంది.

మంగళవారం పొద్దున పోయా. జిల్లా కోర్టు ఆవరణలోనే. తెల్లకాగితం మీద తెలుగులోనే రాసిచ్చా, పేజీన్నర. తేదీల వారీగా రాయమన్నారు, ఏడుపు తక్కువ, తేదీలు ఎక్కువ. వెంట తీసుకెళ్ళింది ఇదీ: పాత అద్దె ఒప్పందం జిరాక్సు, నాలుగేళ్ళుగా ఫోన్‌పేలో అద్దె వేసిన చరిత్ర, ఫ్యూజు లేని బోర్డు ఫోటోలు, 1912 మెసేజీ, బాకీ సున్నా స్క్రీన్‌షాట్. ఆయన ఎప్పుడూ అద్దె రసీదు ఇవ్వలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. ఫోన్‌పే లేని రోజుల్లో అయితే నా గతి ఏమయ్యేదో.

నాకిచ్చిన లాయరు నడివయసాయన, మాట మెత్తన. ముందు నన్ను పీడిస్తున్న భయం చెప్పా: ఒప్పందం 11 నెలలది, గడువు తీరిపోయి మూడేళ్ళు, మళ్ళీ రాసుకోలేదు. కాగితం లేదు కాబట్టి హక్కు లేదేమో అని. ఆయన నవ్వాడు. ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయాలి గనక అందరూ 11 నెలలకి రాస్తారంట, తర్వాత అందరూ మర్చిపోతారంట. గడువు తీరాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ ఉన్నాడంటే నెల నెలా అద్దెదారు కింద లెక్క. దాన్ని ఆపాలన్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉందంట. నోటీసు ఇచ్చాక కూడా మనం పోకపోతే ఆయన కోర్టుకి పోవాలే గానీ మెట్ల కిందికి పోకూడదు అన్నాడు. ఈ మాట నాకు భలే నచ్చింది.

ఇంటద్దెల మీద మన రాష్ట్రానికి 1960లో ఒక చట్టం, 2017లో ఇంకో చట్టం చేశారని, సరైన కారణం లేకుండా నీళ్ళూ కరెంటూ లాంటివి ఆపకూడదని పాతదాంట్లోనే స్పష్టంగా ఉందని చెప్పాడు. కేంద్రం 2021లో రాష్ట్రాలకి నమూనాగా పంపినదాంట్లో అయితే మెట్ల మీది లైటు కూడా ఆపకూడని వాటిల్లో ఉందంట. మాకు మెట్ల మీద లైటే లేదు, అది వేరే సంగతి. పోలీసులు సివిల్ అన్నారంటే, "కరెంటు సంగతి అట్లా అన్నారు, సరే. నీళ్ళ సంగతి చెప్పావా?" అన్నాడు. మనుషులు తాగే నీళ్ళు తగ్గిపోయేట్టు చేయడం పాత ఐపీసీలో 430 కింద నేరం, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో 326 కిందకి వచ్చింది, ఐదేళ్ళ దాకా శిక్ష రాసి ఉంది. "కేసు పెట్టమని చెప్పట్లేదు, పక్కపక్కన ఉండాల్సినవాళ్ళు. నోటీసులో ఒక వాక్యం ఉంటే చాలు."

అప్పుడు సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. అర్జెంటయితే సెలవుల కోర్టులో ఇంజంక్షను, అంటే ఆ పని చేయకూడదనే ఉత్తర్వు, అడగొచ్చు, కానీ ముందు ఇక్కడినుంచి ఇద్దర్నీ పిలిపించే నోటీసు పంపిద్దాం, పది రోజుల్లో కదలకపోతే అటు పోదాం అన్నాడు. బుధవారం రెండు కవర్లు పోయాయి. ఒకటి ఆఫీసు నుంచి, ఒకటి లాయరు రిజిస్టర్డు పోస్టులో, అందినట్టు సంతకం తిరిగొచ్చేట్టు.

వచ్చేముందు ఒకటడిగా, వచ్చే నెల అద్దె ఆపేస్తే దిగొస్తాడు గదా అని. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ పని మాత్రం చెయ్యబాకమ్మా. ఇప్పుడు తప్పు ఆయనది. అద్దె ఆపిన రోజు నుంచి నీది. తీసుకోకపోయినా పంపించు" అన్నాడు. వెనకటికి ఓనరు తీసుకోనంటే మనియార్డరు చేసేవాళ్ళంట, ఇప్పుడు అకౌంట్లో వేసి, ఏ నెల అద్దో రిమార్కులో రాయమన్నాడు.

గురువారం ఏం లేదు. శుక్రవారం ఏం లేదు. శనివారం పోస్టుమ్యాన్ కింద బెల్లు కొట్టడం మేడమీంచి చూశా. సారు సంతకం పెట్టి కవరు చింపి, నిలబడే చదివాడు, కూర్చుని ఇంకోసారి చదివాడు. ఆ సాయంత్రం పిన్నమ్మ మెట్ల మధ్యదాకా వచ్చి, "మన ఇంటి సంగతి కోర్టుకెందుకు తీసుకుపోయినావు? నాతో చెప్తే నేను మాట్లాడనా?" అంది. రెండో రోజే చెప్పాను పిన్నమ్మా, మీరు పచ్చడి రుబ్బుకుంటున్నారు అన్నా. అనకుండా ఉండాల్సింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

సోమవారం సాయంత్రం ఏడింటికి, నేను చీకట్లో అన్నం వారుస్తుంటే, ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ ఏం చెప్పలేదు. మిషను మోటారు స్విచ్చి ఆ శుక్రవారం నుంచీ వేసే ఉంది, పెడల్ మీద పాప పుస్తకాల సంచి పడి ఉంది, అది దానంతటది గర్రుమని తిరిగి పాప గట్టిగా అరిచింది. కుళాయిలో ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్ళు, తర్వాత నీళ్ళు వచ్చాయి. కిందికి పోయి చూస్తే గ్రిల్లుకి పాత తాళమే ఉంది.

అక్కడితో వదిలేద్దామని మా ఆయన అన్నాడు. నేను వదల్లేదు. మళ్ళీ జూన్‌లో పీకితే? జూన్ 5న అద్దె వేశా, "జూన్ నెల అద్దె" అని రాసి. పావుగంటలో తిరిగొచ్చేసింది. మళ్ళీ వేశా. మళ్ళీ వెనక్కొచ్చింది. మూడో తూరి వేసి ఫోను పక్కన పెట్టేశా, ఈసారి రాలేదు. లాయరుకి చూపిస్తే మూడిట్నీ ప్రింటు తీయించమన్నాడు.

జూన్ రెండో వారంలో లీగల్ సర్వీసెస్ ఆఫీసులో ఇద్దర్నీ కూర్చోబెట్టారు. సారు వాళ్ళబ్బాయిని వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. నేను తిట్టించడానికి పిలిపించాననుకున్నట్టున్నాడు. అక్కడ మేడం ఎవర్నీ తిట్టలేదు. "ఫ్యూజు మీరే తీశారా?" అంది. తీశానన్నాడు. ఎందుకు అంటే అప్పుడు బయటికొచ్చింది ఆయన కడుపులోది. అద్దె ఒక్కటే కాదు. వేసవిలో బిల్లు చూసి గుండె ఆగినంత పనైందంట, మేడమీద వాళ్ళు మిషన్లు తిప్పి తన బిల్లు పెంచేస్తున్నారని. నాకు నోటమాట రాలేదు, ఎందుకంటే యూనిట్‌కి 9 రూపాయల చొప్పున మా దగ్గర తీసుకుంటున్నది ఆయన.

ఈ లెక్క నేను ముందురోజు రాత్రి పాపతో వేయించుకున్నా. మన రాష్ట్రంలో ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మెట్లు మెట్లుగా పడుతుంది. మూడు కాపురాలూ ఒకే మీటరు మీద ఉంటే అందరం కలిసి పైమెట్టుకి ఎక్కుతాం. ఆయనకి ఏసీ ఉంది, 240 యూనిట్లు. మాకు 90, పక్క పోర్షనుకి 90. మొత్తం 420, వాడకం చార్జీ 2,743 రూపాయలు. మా రెండు పోర్షన్ల దగ్గర 810 చొప్పున 1,620 తీసుకుంటే ఆయన చేతి నుంచి పడేది 1,123, ఇతర చార్జీలు అదనం. అదే ఎవరి మీటరు వాళ్ళకుంటే? ఆయన 240కి 1,148. పాతిక రూపాయలే తేడా. నా 90కి 810 బదులు 259.50, ఇంకా స్థిర చార్జీలు, సుంకం లాంటివి కలిపినా ఎంతవుతుంది? కాగితం మేడం ముందు పెట్టా. ఆమె దాన్ని వాళ్ళబ్బాయికి ఇచ్చింది. ఆ అబ్బాయి ఫోన్లో లెక్క వేసుకుని, "నాన్నా, ఈమె చెప్పేది కరెక్టే" అన్నాడు. ఆ గదిలో నేను గెలిచింది ఏదన్నా ఉంటే ఆ ఒక్క నిమిషమే. మిగతాది బేరం.

బేరం ఇట్లా తెగింది. జులై నుంచి 7,800. మార్చి నెలాఖరుకి, పాప పరీక్షలయ్యాక ఖాళీ చేస్తా. ఖాళీ చేసిన రోజే అడ్వాన్సు 20,000 చేతిలో పెట్టాలి. ఈలోపు నీళ్ళూ కరెంటూ ఏ కారణంగానూ ఆపకూడదు. వేరే మీటరుకి ఆయన సంతకం పెట్టాలి, ఖర్చు నేను పెట్టుకుని అద్దెలో నెలకి కొంత తీసేసుకుంటా. 11 రోజుల నష్టానికి ఏమన్నా అడుగుతావా అంది మేడం. లాయరు నా వైపు చూశాడు. బొగ్గుల ఇస్త్రీ, ఆటో, బెల్టు, ఆలస్యమైందని తిరిగి తీసుకుపోయిన నాలుగు జాకెట్లు, అన్నీ కలిపి 2,600 రాసిచ్చా. వాళ్ళబ్బాయి అక్కడే ఇచ్చేశాడు. తర్వాత లోక్ అదాలత్ రోజున అదే అవార్డుగా రాసి ఇద్దరి సంతకాలూ తీసుకున్నారు. సివిల్ కోర్టు డిక్రీకి ఎంత విలువో దీనికీ అంతే, మీద అప్పీలు లేదు. నాకు పైసా ఖర్చు కాలేదు, పోనూ రానూ ఆటో తప్ప.

కొంతమంది చుట్టాలు అన్నారు, ఖాళీ చేస్తానని రాసిచ్చావు, ఇంక నువ్వు గెలిచిందేముంది అని. నేను ఆ ఇల్లు కొనడానికి పోలేదు గదా. పోయేది నేను ఒప్పుకున్న తేదీకి.

మీటరు రొట్టెల పండగ అయిపోయిన వారానికి వచ్చింది. బిగించేటప్పుడు ఆ లైన్‌మన్ పిల్లోడే వచ్చాడు, గ్రిల్లు తాళం తీయడానికి సారు స్వయంగా దిగొచ్చాడు. ఇద్దరం పలకరించుకోలేదు.

ఇంక పిన్నమ్మ జాకెట్టు. మేనకోడలి పెళ్ళి మే నెలాఖరులో అయిపోయింది, వేరే జాకెట్టు వేసుకుని పోయుంటుంది. జులైలో ఒకరోజు బీరువా సర్దుతుంటే చేతికి తగిలింది. ఆ పూటే కుట్టి, హుక్కులు వేసి, కిందికి తీసుకుపోయా. ఎంతమ్మా అంది. 350 అన్నా. లోపలికి పోయి తెచ్చి, చేతిలో పెడతా, "చేతులు కొంచెం బిగుతుగా ఉన్నట్టుండాయే" అంది. వేసుకుని చూడండి పిన్నమ్మా, బిగుతైతే రేపు పంపండి, విప్పి వదులు చేస్తా అని పైకి వచ్చేశా.